పదిహేడో చెట్టు కాగితం

నా ఉద్యోగ జీవితంలో నేను ఖర్చుపెట్టిన ఎర్ర సిరా అంతా ఒక్కరోజున గోదావరిలో పోసి ఉంటే ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేవారు. ఇందులో అతిశయోక్తి కనిపిస్తే అది నా తప్పు కాదు, నా తయారీ అలాంటిది. నాకు జ్వరం నూట మూడు ఉందంటే మా ఇంటావిడ అందులోంచి మూడు తీసేసి, మిరియాల చారు పెట్టి ఊరుకుంటుంది. మీరూ ఆ లెక్కలోనే చదువుకోండి. ఒక్కచోట మాత్రం నేను ఏమీ కలపలేదు. ఆ చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను.

తొంభైల చివర్లో నేను కోనసీమలో వయోజన విద్యా కేంద్రాల పర్యవేక్షకుణ్ణి. పేరు వింటే ఏనుగు మీద తిరిగేవాడిననుకుంటారు. నాకున్నది ఒక సైకిలు, ఒక గుడ్డ సంచి. సంచిలో పలకలు, సుద్దముక్కలు, వాచకాలు, వాటన్నిటి పైన ఎర్ర కలం. సైకిలు చెయిను ఊడని రోజున ఊళ్ళోవాళ్ళు "ఏవండీ, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేవారు. ఈమధ్యనే పదవీ విరమణ చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "పెద్దవాళ్ళకి రాయడం ఎలా వస్తుందండీ?" అని అడుగుతుంటారు. నాకు తెలియదు నాయనా. ఒక మనిషికి ఎలా వచ్చిందో మాత్రం దగ్గరుండి చూశాను. చూసి నోరు తెరిచాను. అది ఇప్పటికీ పూర్తిగా మూతపడలేదు.

ముక్తేశ్వరం దాటాక ఒక ఊళ్ళో మా కేంద్రం కొబ్బరి కొట్టులో నడిచేది. పొద్దున్నే పనిలోకి పోయేవాళ్ళు మధ్యాహ్నానికి ఖాళీ అవుతారు కాబట్టి తరగతి మూడు గంటలకి. ఒకపక్క కొబ్బరికాయల రాశి, ఇంకోపక్క పీచు గుట్ట, మధ్యలో నల్లబల్ల. పాఠం చెప్పేది ఒక వాలంటీరు అమ్మాయి. ఇంటరు చదివి ఇంట్లో ఉంటున్న పిల్ల. జీతం లేదు, విసుగూ లేదు. నాకంటే బాగా చెప్పేది. ఈ మాట అప్పట్లో నన్ను కొబ్బరిచెట్టుకి కట్టేసి అడిగినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఒకరోజు ఆ కొట్టులోకి చంకకర్ర పొడుచుకుంటూ ఒకాయన వచ్చారు. వెనకాల ఆయన భార్య. కొబ్బరిచెట్టెక్కి కాయలు కోసి దించే పనిని మా వైపు దింపు అంటారు. ఆయన పాతికేళ్ళుగా ఆ పనిలో ఉన్నారు, ఊరంతా దింపు మేస్త్రి అనే పిలిచేది. ఆయన అరికాళ్ళు చూశాను. వాటి మీద చుట్ట నలిపి ఆర్పుకోవచ్చు. తర్వాత తెలిసింది, అలాగే ఆర్పుకునేవారట. తొంభై ఆరు తుఫాను వెళ్ళిన ఏడాది చెట్టు మీంచి పడి తుంటి విరిగింది. ఇక చెట్టు మాట తలపెట్టొద్దని అమలాపురం డాక్టరు చెప్పేశారు.

"రండి, ముందు మీ పేరు రాద్దాం" అన్నాను. మా శాఖలో మొదటి మెట్టు అది. వేలిముద్రని చంపి సంతకాన్ని పుట్టించాలి.

"నా పేరు నాకు తెల్సండి" అన్నారాయన. "ఊళ్ళో అందరికీ తెల్సండి. ఇంక రాసుకోడం ఎవరికోసమండి?"

"మరేం రాస్తారు?"

"తొర్ర అని రాయాలండి."

నా పాతిక కేంద్రాల్లో వేలమంది... సరే, వందలమంది చదువు మొదలుపెట్టారు. తొర్రతో మొదలుపెడతానన్నవాడు ఒక్కడు లేడు. మా వాచకం చివరి అట్టదాకా తిరగేసినా అందులో తొర్ర దొరకదు. నేను వాలంటీరమ్మాయి వైపు చూశాను. ఆ పిల్ల అప్పటికే నల్లబల్ల మీద ఇంతలావున 'తొర్ర' రాసేసింది.

కారణం ఆయన భార్య చెప్పింది. "ఈయన చేసే తోట దింపు ఇప్పుడు మా చెల్లి మొగుడికిచ్చేరండి మేష్టారూ. ఈయనకీ ఆయనకీ పదకొండేళ్ళై మాటల్లేవండి."

"ఎందుకని?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన కొట్టు కప్పు వైపు చూశారు.

"పులస పులుసండి" అన్నారు చివరికి. "మావగారింట్లో పెద్దల్లుణ్ణి నేను కూచునుండగా, శన ముక్క తీసుకెళ్ళి ఆయన విస్తట్లో వేసేరండి."

చేప కడుపులో గుడ్లుండే ముక్కని శన అంటారు. పులసలో దానికోసం సంబంధాలు చెడ్డాయంటే నేను కలిపి చెబుతున్నాననుకోకండి.

"వేస్తే?"

"తినేసేడండి."

హత్య కేసులో సాక్ష్యం చెబుతున్నంత గంభీరంగా ఉందా మాట. తినేశాడు. అంతే, పదకొండేళ్ళు.

"ఆ తోటలో నలభై రెండు చెట్లండి" అన్నారు. "తుఫాను తర్వాత ఒక్కటీ తిన్నగా లేదండి. ఏ చెట్టుకి ఎక్కడ తొర్రుందో, ఎక్కడ కందిరీగలు పెడతాయో, ఏ మట్ట పట్టుకుంటే ఊడి చేతికొస్తుందో ఆయనకి తెలీదండి. పడతాడండి."

"మీ ఆవిడచేత చెప్పించొచ్చు కదండీ?"

"చెప్పించేనండి! పూటంతా కూచోబెట్టి చెప్పేను. ఈవిడెళ్ళి ఏం చెప్పిందనుకున్నారు? 'జాగరత్తగా ఎక్కమన్నారు మరిదిగారూ' అంది. అంతేనండి."

"అదే కదా మీరన్నది!" అంది ఆవిడ.

"నలభై రెండు చెట్లు చెప్పి పంపితే ఒక్క జాగరత్త పట్టుకెళ్ళేవు" అని, ఆయన నా వైపు తిరిగారు. "మాటల్లేవు గానండి, రాతకి అడ్డం లేదు కదండీ. ఆయన అయిదో తరగతి చదివేడు. చదవగలడు. నేను రాయగలిగితే చాలండి."

పిల్లలూ, అక్షరాస్యత ఎందుకు అన్న అంశం మీద నేను నలభై ఉపన్యాసాలిచ్చాను. నలభైలోనూ ఈ కారణం లేదు.

ఆయన రాత ఎలా పెరిగిందో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. మొదట్లో కాగితానికి ఒక నిలువు గీత గీసేవారు. అది చెట్టు. గీత పక్కన ఒక చుక్క, చుక్క పక్కన ఎంతో కష్టపడి 'తొర్ర'. తర్వాత రెండు మాటలు, 'ఎండు మట్ట'. తర్వాత మూడు, 'మట్ట పట్టుకోకు'. రాసేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. ఎడమచెయ్యి గాల్లో ఏదో కౌగిలించుకున్నట్టు ఉండేది. ఒకసారి పలక కింద పడితే తీద్దామని వంగి చూశాను. ఆయన కూర్చున్న బల్ల కింద కాలివేళ్ళు మానుని పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. ఆ మనిషి రాయడం లేదు. ఎక్కుతున్నాడు. నేనెరిగిన పండితులు కొందరున్నారు, వాళ్ళు కుర్చీలో వెనక్కి వాలి రాస్తారు. కాలివేళ్ళతో రాసినవాణ్ణి ఈయన్నే చూశాను.

చెట్టుకొక కాగితం. భార్య ఆ కట్ట తోడల్లుడికి పట్టుకెళ్ళి ఇచ్చేది. ఆయన చెట్టు కింద నిలబడి ఆ చెట్టు కాగితం చదివి, మడిచి నడుం దగ్గర దోపుకుని ఎక్కేవాడు. మొదటి దింపు అయ్యాక ఆవిడ కాగితాల కట్టతో, ఒక కబురుతో కొట్టుకి వచ్చింది.

"తొమ్మిదో చెట్టుకి ఎడం పక్క తొర్ర అని రాసేరంట. ఎవరి ఎడమని అడుగుతున్నారు మరిదిగారు."

"ఎవరి ఎడమేంటి? ఎడం ఎడమే" అన్నాను నేను.

దింపు మేస్త్రి మాత్రం చంకకర్రని మానులా నిలబెట్టి, దాని చుట్టూ చెయ్యి తిప్పి చూశారు. "ఆయ్, నిజవేనండి" అన్నారు. "మాను చుట్టూ తిరిగితే ఎడమ కూడా తిరిగిపోద్ది." ఆ మధ్యాహ్నం కూర్చుని నలభై రెండు కాగితాల్లోనూ ఎడమలూ కుడులూ కొట్టేసి, 'కాలవ వైపు' అనీ 'కొట్టు వైపు' అనీ రాసుకున్నారు. ఎదుటివాడు ఎక్కడ నిలబడి చదువుతాడో వెళ్ళి అక్కడ నిలబడి రాయడం అన్నమాట. ఇది నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. నేను ఎవరికైనా చెప్పి ఉంటానా అంటే, ఎలా చెబుతాను?

నేను చెబుతున్నది వేరు. 'కొబ్బరిచెట్టు మన కల్పవృక్షం' అని ఒక వ్యాసం రాసి కేంద్రాలన్నిటికీ పంచాను. కంఠతా పట్టించి అందరిచేతా రాయించడం, తనిఖీకి వచ్చినవాళ్ళకి చూపించడం. కోనసీమ మొత్తం ఒకే చేత్తో రాసినట్టుండేది. దింపు మేస్త్రినీ రాయమన్నాను. ఆయన రెండు వాక్యాలు రాసిచ్చారు. 'కొబ్బరిచెట్టు కల్పవృక్షం. పదో నంబరుది కాదు.'

రెండో వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను.

ఇంతలో హైదరాబాదు నుంచి ఒక పెద్దావిడ తనిఖీకి వస్తున్నారని కబురు. మా పై అధికారి నన్ను పిలిచి, "ఏదైనా కొత్తగా చూపించవయ్యా, కల్పవృక్షం చూసి చూసి వాళ్ళకి మొహం మొత్తింది" అన్నారు. నాకు మెరుపు మెరిసింది. ఈ చెట్ల కాగితాలన్నీ ఒక పుస్తకంగా చేసి, ఆ తోటలోనే కుర్చీలు వేసి, తోడల్లుడు పుస్తకం చదివి అధికారుల ఎదురుగా చెట్టెక్కితే? అక్షరం చెట్టెక్కింది! ఆ శీర్షిక అనుకున్న రోజు నాకు అన్నం సయించలేదు. కాగితాలన్నీ తెప్పించుకుని ఇంటికి పట్టుకెళ్ళాను.

ఆ కాగితాల్లో నాకు ఒకటే లోపం కనిపించింది. నలభై రెండూ ఒకేలా మొదలవుతాయి: 'ముందు తట్టు. విను.' ఆ తర్వాతే ఆ చెట్టు సంగతి. నలభై రెండుసార్లు! చెప్పిందే చెప్పడం రచనలో ఎంత పెద్ద దోషమో నేను ప్రతి శిక్షణలోనూ గంటన్నర చెప్పేవాణ్ణి. చెప్పిందే చెప్పేవాణ్ణి. అందుకని ఆ మాటలు మొదటి పేజీలో ఒక్కసారి, చుట్టూ లతలు గీసి, అందంగా పెట్టాను. మిగతా నలభై ఒక్క చోట్లా తీసేశాను. తీసేసిన చోట బోసిగా ఉంటుందని కాస్త సొగసు అద్దాను. పదిహేడో చెట్టు గురించి 'కాలవ వైపు వయ్యారంగా ఒరిగిన ఈ చెట్టు కాపులో మేటి' అని రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ఇందులో మా ఇంటావిడ కూడా ఏమీ తీసేయదు.

పుస్తకం చూసి వాలంటీరమ్మాయి అంది, "సార్, ఆయన ఊరికే ఏదీ రాయరండి. ఒకసారి ఆయనకి చూపించి..."

"నేను పద్దెనిమిదేళ్ళ నుంచి దిద్దుతున్నానమ్మా" అన్నాను.

ఆ పిల్ల "ఆయ్" అంది. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు. కానీ ఆ ఆయ్‌లో ఒప్పుకోలు ఆవగింజంత కూడా లేదు.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దావిడ జీపు జొన్నాడ దగ్గర పంక్చరై గంట ఆలస్యమైంది. ఆ గంటలో నేను తాగిన కొబ్బరిబొండాలు లెక్కపెడితే తోట యజమాని నన్ను ఇప్పటికీ వెతుక్కుంటూ వస్తాడు. కుర్చీలు వేయించాం. దింపు మేస్త్రి చంకకర్ర ఒళ్ళో పెట్టుకుని రెండో వరసలో కూర్చున్నారు. తోడల్లుడు ఎదురుగా, కాళ్ళకి తాడు బందంతో, నడుముకి కత్తితో, నా పుస్తకం చేత పట్టుకుని నిలబడ్డాడు. గట్టి మనిషి, నలభై లోపు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఉండడానికి పడుతున్న శ్రమ చూస్తే, మాట్లాడేసుకోవడమే తేలిక అనిపించేది.

"ఏ చెట్టయినా సరేనా?" అంది పెద్దావిడ. తక్కువ మాట్లాడే మనిషి.

"మీ ఇష్టం మేడమ్."

ఆవిడ కుర్చీలకి దగ్గరగా, కాలవ మీదికి ఒరిగి, చూడముచ్చటగా ఉన్నదాన్ని చూపించింది. పదిహేడో చెట్టు.

తోడల్లుడు పుస్తకం తిరగేసి, గొంతు సవరించుకుని, నా వాక్యాలు చదివాడు. వయ్యారమూ, కాపులో మేటీ అన్నీ. పుస్తకం వదినగారి చేతికిచ్చి ఎక్కడం మొదలుపెట్టాడు. ఉడతలు చూసి సిగ్గుపడేలా ఎక్కుతున్నాడు.

వెనక నుంచి నా భుజం మీద చంకకర్ర తగిలింది.

"మేష్టారండి, ముందు తట్టు, విను అన్నది చదవలేదండి ఆయన."

"అది మొదటి పేజీలో ఉందండి. ప్రతి చెట్టుకీ ఎందుకని ఒక్కచోట పెట్టాను."

ఆయన నన్ను కోపంగా చూడలేదు. అర్థం కానట్టు చూశారు. "చెట్టు కింద నించున్నోడు మొదటి పేజీ ఎందుకు చదువుతాడండి?"

ఆయన అప్పటికే నన్ను వదిలేసి చెట్టు వైపు చూస్తున్నారు. మాను మీద రెండాళ్ళ ఎత్తున ఇటుక రంగు చార ఒకటి, తడి తడిగా, కిందికి కారి ఉంది. ఎర్రముక్కు పురుగు లోపల తినేస్తుంటే అలా కారుతుందని నాకు తర్వాత తెలిసింది. పైకి చెట్టు పెళ్ళికూతురిలా ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. తోడల్లుడు కాలవ వైపు నుంచి ఎక్కాడు, చార కొట్టు వైపు ఉంది. అప్పటికే చార దాటి ఇంకో మనిషెత్తు పైకి పోయాడు.

"దిగమను!" అని భార్యకి కేకేశారు మేస్త్రి.

"దిగమంటన్నారు మరిదిగారూ!"

"ఎందుకంటండి వదినగారూ?" పైనుంచి.

"ఎందుకంటన్నారు!"

"పుచ్చేమోనని!"

"పుచ్చేమోనంట మరిదిగారూ!"

"ఏమోలకి దిగుతారేంటండి? అధికార్లున్నారు. కుర్చీలో కూచుని కేకేస్తే దిగాలా? ఏదన్నా ఉంటే రాసిమ్మనండి! ఇన్నాళ్ళూ రాసింది చేసేను గానీ చెప్పింది చేసేనా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెట్టు గాలికి చిన్నగా ఊగుతోంది. ఆ ఊపులో ఏదో తేడా ఉందని నాక్కూడా అనిపించింది. నేను చూడబోతే నీళ్ళ టాంకు కూడా తిన్నగా కనపడని మనిషిని.

"పుస్తకం ఇలా తే" అన్నారు మేస్త్రి. పదిహేడో పేజీ తీశారు. నా జేబులోంచి నన్నడక్కుండానే కలం లాక్కున్నారు. ఎర్ర కలం. నా ముత్యాల వాక్యాలకి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరికి, ఒక్క గీత గీశారు. పద్దెనిమిదేళ్ళుగా నేను ఎదుటివాళ్ళ రాతల మీద గీసిన గీతే అది. మొట్టమొదటిసారి అవతలి వైపు నుంచి చూశాను.

గీత కింద 'దిగు' అని రాశారు.

రాసి, దాన్ని చూశారు. చెట్టు ఊగుతోంది, మనిషి పైనున్నాడు, ఒక్కొక్క క్షణం ఏడాదంత ఉంది. అయినా ఆయన ఆ మాటని చూస్తున్నారు. తర్వాత దాన్నీ కొట్టేశారు. దాని కింద ఇలా రాశారు:

'ముందు తట్టు. విను. తర్వాత నీ ఇష్టం.'

కాగితం చింపి భార్యకిచ్చారు. ఆవిడ మామిడికాయలు కోసే దోటీ తెచ్చి, కొక్కేనికి కాగితం గుచ్చి పైకెత్తింది. తోడల్లుడు ఒకచేత్తో మాను పట్టుకుని, రెండోచేత్తో కాగితం తీసుకుని చదివాడు.

నేను ఏమీ కలపలేదని చెప్పిన చోటు ఇదే. ఇక్కడ మీరు ఏమీ తీసేయనక్కర్లేదు.

ఆయన కత్తి తీశాడు. తిప్పి పట్టుకుని, వెనక వైపుతో తన తలపైన మాను మీద తట్టాడు. చెక్క చప్పుడు. మొహం ముందు తట్టాడు. చెక్కే. తర్వాత చెయ్యి కిందికి జార్చి, మోకాళ్ళ కింద, తను దాటి వచ్చిన చోట తట్టాడు. తోటంతా విన్నాం. ఖాళీ డబ్బా మీద గుడ్డ కప్పి కొట్టినట్టు, బోలుగా, లోపల ఎక్కడికో పోయి మళ్ళీ తిరిగొచ్చింది ఆ చప్పుడు. పెద్దావిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. తోడల్లుడు కాగితాన్ని పళ్ళతో పట్టుకుని, మానుకి ఛాతీ ఆనించి, ఇంచీ ఇంచీ చొప్పున దిగడం మొదలుపెట్టాడు. ఆ చార దగ్గరికి వచ్చినప్పుడు కాసేపు అక్కడే ఆగాడు. ఆ కాసేపు దింపు మేస్త్రి కాలివేళ్ళ వైపు చూశాను. ముడుచుకుని ఉన్నాయి.

దిగాడు. అరికాళ్ళు నేలకి ఆనాయి. కౌగిలింతలు, కన్నీళ్ళు అనుకుంటున్నారా? ఇది మా కోనసీమ. మర్యాద ఎక్కువ, పంతం అంతకన్నా ఎక్కువ. ఆయన పళ్ళ మధ్య కాగితం తీసి, జాగ్రత్తగా మడిచి, నడుం దగ్గర దోపుకున్నాడు.

"వదినగారూ" అన్నాడు, మేస్త్రి వైపు చూడకుండా. "మిగతా చెట్లవి కూడా పాత కాయితాలే ఇమ్మనండి. మేష్టారి పుస్తకం వద్దండి."

నా గురించి వచ్చిన సాహిత్య విమర్శల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు.

పెద్దావిడ ఆ కాగితం అడిగి తీసుకుని చూసింది. కొట్టేసిన నా వాక్యాలు, కొట్టేసిన 'దిగు', దాని కింద ఆరే మాటలు. "దిగు అని రాసి మళ్ళీ ఎందుకు కొట్టేశారు?" అని అడిగింది మేస్త్రిని.

"నేను దిగమంటే దిగడండి ఆయన. చెట్టు చెప్తే దిగుతాడండి."

ఆవిడ ఆ కాగితం ఇంకోసారి చదివింది. "రాయడం మీకు ఎవరు నేర్పారు?"

నేను కుర్చీతో సహా భూమిలోకి దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన వాలంటీరమ్మాయిని చూపించారు. "అక్షరాలు ఈ అమ్మాయి నేర్పిందండి. మేష్టారు..." అని ఆగి, నాకు అవమానం జరగకుండా ఏం చెప్పొచ్చా అని నిజంగా వెతుక్కుని, "మేష్టారు కాయితాలు తెచ్చేరండి" అన్నారు.

జీపు వెళ్ళిపోయాక కుర్చీలు మడతపెడుతూ అడిగాను. "నలభై రెండుసార్లు ఎందుకు రాశారండీ ఆ మాట? ఆయనేం పసివాడు కాదు కదా."

ఆయన తుంటి మీద చెయ్యి వేసుకున్నారు. "పాతికేళ్ళు తట్టేనండి నేను. ఎక్కే ముందు ప్రతి చెట్టూ తట్టేను. ఒక్కరోజు తట్టలేదు. తెల్సిన చెట్టే కదా, మొన్నేగా ఎక్కేను అనుకున్నాను." చంకకర్ర సర్దుకుని అన్నారు, "కాయితం మీద చెట్టు మారదండి. తోటలో చెట్టు మారిపోద్ది. అందుకని ప్రతిసారీ చెప్పాలండి."

నాలుగు నెలలు ఆ కొట్టుకి వెళ్ళినా ఈ సంగతి ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. దిద్దడం వచ్చినవాడికి అడగాలని తోచదు.

వారంలో ఆ చెట్టు కొట్టించారు. మూడాళ్ళెత్తు దాకా లోపల బోలు. చేయి పెడితే భుజం దాకా పోయింది. తోడల్లుడు తన చేయి పెట్టి చూసి, తీసి, ఆ చేతిని చాలాసేపు చూసుకున్నాడట. వాలంటీరమ్మాయి చెప్పింది. ఆ పిల్ల అతిశయోక్తులు చెప్పదు.

ఆ తర్వాత నాకు వేరే మండలానికి మార్పు వచ్చింది. కేంద్రం కొన్నాళ్ళు నడిచి మూతపడింది. రెండువేలు దాటాక, ఒక వర్షాకాలం చివర్న, అమలాపురంలో పని చూసుకుని ఆ వైపు వెళ్ళాను. దింపు మేస్త్రి ఇంటి అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. భార్య నాకు మజ్జిగ ఇచ్చి, నేను అడక్కుండానే కబురు చెప్పింది. మొన్న గోదావరికి ఎర్రనీరొచ్చినప్పుడు చెల్లెలింటి నుంచి పులస పులుసు గిన్నె వచ్చిందట. మూత తీస్తే పైన శన ముక్క, గిన్నె కింద చీటీ. చీటీలో 'ముందు మీరు' అని ఉందట.

"మాట్లాడుకుంటున్నారా అయితే?"

"మాటలెందుకండి?" అంది ఆవిడ. "కాయితాలు మోసి మోసి నా కాళ్ళరిగిపోతన్నాయి. పోన్లెండి, ఇప్పుడైతే నేనేదీ గుర్తెట్టుకోనక్కర్లేదు."

తోట చూడమన్నారు మేస్త్రి. వెళ్ళాను. ప్రతి చెట్టుకీ ఛాతీ ఎత్తున, పాల కవరులో పెట్టి, పీచుతాడుతో కట్టిన కాగితం. ఒకవైపు ఆయన రాత, 'ముందు తట్టు. విను.' రెండోవైపు వేరే దస్తూరీ, తోడల్లుడిది: 'కందిరీగలు పోయాయి.' 'ఈ మట్ట ఊడింది, రెండో మట్ట గట్టిది.' 'చార లేదు, చూశాను.' వాటిని చదివి ఈయన కొత్త కాగితం రాయడం, దాని వెనక ఆయన మళ్ళీ రాయడం. కొన్ని చెట్లకి పాతవి తీయకుండా ఒకదాని మీద ఒకటి నాలుగైదు కవర్లున్నాయి. నేను ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి నడుస్తూ చదివాను. ఎన్నో పుస్తకాలు కుర్చీలో కూర్చుని పేజీలు తిప్పాను. ఈ పుస్తకానికి పేజీలు నిలబడి ఉన్నాయి, మనిషే తిరగాలి. ఎర్ర కలం నా జేబులోనే ఉంది. చేయి అటు పోలేదు.

పదహారు దాటాక కాలవ గట్టున పదిహేడు. చెట్టు లేదు, మోకాలెత్తు మొద్దు మిగిలింది. దానికీ ఒక పాల కవరు కట్టి ఉంది. వంగి చదివాను.

'పదిహేడు. ఎక్కక్కర్లేదు. కూర్చో.'

కూర్చున్నాను.